డబ్బామీద చీటీ - డబ్బాలో సరుకు

వంటింటి అలమరలో డబ్బాలు వరసగా ఉంటాయి. ఒకదానిమీద "చక్కెర", ఇంకొకదానిమీద "ఉప్పు" అని చీటీలు అంటించి ఉంటాయి. చీటీ చూసి మీరు పాలలో రెండు చెంచాలు కలిపారు. తీరా అందులో ఉన్నది ఉప్పు! పాలు పారబోయవలసిందే. చీటీ ఏమి చెప్పినా లోపలి సరుకు మారదు కదా! కంప్యూటరు ఫైళ్ళ విషయంలోనూ ఇదే జరుగుతుంది. ఎలాగో చూద్దాం.

సమస్య ఏమిటి?

మీ బడిలో 20 కంప్యూటర్లున్న గది ఉందనుకుందాం. వాటన్నిటికీ ఫైళ్ళు అందించే కంప్యూటరు ఒకటి ఉంటుంది. దానిని సర్వరు అంటారు. ఈ సర్వరు లినక్స్ మీద పనిచేస్తోంది. దాని డిస్కులో "తొమ్మిదో తరగతి" అనే ఫోల్డరు ఉంది. అందులో పాఠాలు పీడీఎఫ్ ఫైళ్ళుగా, బొమ్మలు జేపెగ్ ఫైళ్ళుగా ఉన్నాయి. అదే ఫోల్డరులో పరీక్ష ప్రశ్నపత్రం వర్డ్ ఫైలుగా, మార్కుల పట్టిక ఎక్సెల్ ఫైలుగా ఉన్నాయి. విద్యార్థులకు మొదటి రెండు రకాలే అందాలి. ప్రశ్నపత్రం ముందే బయటపడితే, కష్టపడి చదివినవాడికీ చదవనివాడికీ తేడా ఏముంటుంది? మరి సర్వరుకు "ఈ రకం ఫైళ్ళు మాత్రమే ఇవ్వు" అని చెప్పడం ఎలా?

పట్టికలో లేని గడి

దూరాన ఉన్న డిస్కులోని ఫోల్డరు మన కంప్యూటరులోనే ఉన్నట్లు కనపడేటట్లు చేసే ఏర్పాట్లలో పేరుపొందినది నెట్‌వర్క్ ఫైల్ సిస్టమ్. పొడి అక్షరాలలో ఎన్.ఎఫ్.ఎస్. అమెరికాలోని సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థ దీనిని 1984లో రూపొందించింది.

ఎన్.ఎఫ్.ఎస్. సర్వరులో "ఎక్స్‌పోర్ట్స్" అనే చిన్న పట్టిక ఉంటుంది. అందులో రాసేవి మూడు సంగతులు: ఏ ఫోల్డరు, ఏ కంప్యూటర్లకు, ఏ షరతుమీద. చదవడానికి మాత్రమేనా, మార్చడానికి కూడానా అన్నది షరతు. ఏ రకం ఫైళ్ళు అని రాయడానికి ఈ పట్టికలో గడి లేనే లేదు!

ఎందుకు లేదు? యూనిక్స్, లినక్స్ వ్యవస్థలు ప్రతి ఫైలును గురించీ కొన్ని వివరాలు రాసిపెట్టుకుంటాయి. దాని యజమాని ఎవరు, పరిమాణం ఎంత, ఎప్పుడు మార్చారు, ఎవరు చదవవచ్చు, ఎవరు రాయవచ్చు - ఇవీ ఆ వివరాలు. కాని అది పాఠమా, పాటా, బొమ్మా అన్నది రాసుకోవు. వాటి దృష్టిలో ఫైలంటే సంఖ్యల వరస, అంతే. పేరు చివర చుక్క తరవాత వచ్చే "పీడీఎఫ్", "జేపీజీ" అన్నవి మనం అంటించిన చీటీలు.

అసలు సరుకు తెలియాలంటే డబ్బా మూత తీయాలి. జేపెగ్ బొమ్మ ఏదైనా సరే, దాని మొదటి మూడు సంఖ్యలు 255, 216, 255. పీఎన్‌జీ బొమ్మ 137తో మొదలవుతుంది. పీడీఎఫ్ ఫైలు మొదట శాతం గుర్తు, దాని వెంట పీ, డీ, ఎఫ్ అక్షరాలు ఉంటాయి. లినక్స్‌లో "ఫైల్" అనే ఆదేశం ఇలా లోపలికి తొంగిచూసి రకం చెబుతుంది.

దాచడం వేరు, ఆపడం వేరు

విండోస్ కంప్యూటర్లకు ఫైళ్ళు అందించడానికి లినక్స్ సర్వర్లలో "సాంబా" అనే ప్రోగ్రామును వాడతారు. పేరు వినగానే మన సాంబయ్య గుర్తుకు వచ్చాడా? ఎస్, ఎం, బీ అక్షరాలు వచ్చే మాటకోసం వెతికితే దొరికిన పేరు ఇది. ఆస్ట్రేలియాలో ఆండ్రూ ట్రిడ్జెల్ 1991 చివర దీనికి శ్రీకారం చుట్టారు.

సాంబాలో రెండు సదుపాయాలున్నాయి. ఒకటి "హైడ్ ఫైల్స్". ఇది ఫైలుకు "దాచినది" అన్న గుర్తు మాత్రమే పెడుతుంది. దాచినవాటిని కూడా చూపించమని కోరితే విండోస్ వాటిని చక్కగా చూపిస్తుంది. రెండోది "వీటో ఫైల్స్". ఇందులో రాసిన రకం పేర్లున్న ఫైళ్ళు కనపడవు, తెరుచుకోవు కూడా.

అయితే వీటోకూ ఒక లోపముంది. ఎవరిని రానివ్వకూడదో ఆ జాబితా పట్టుకుని గుమ్మంలో నిలబడే కాపలావాడిలాంటిది అది. జాబితాలో లేని కొత్త రకం ఫైలు రేపు వచ్చిందంటే, నేరుగా లోపలికి పోనిస్తుంది. మనకు కావలసింది ఎవరిని రానివ్వాలో ఆ జాబితా ఉన్న కాపలావాడు.

వేరే అర ఏర్పాటు

అందుకు ఒక నికరమైన మార్గముంది. డిస్కులో ఒక భాగాన్ని విడిగా కేటాయించి, కావలసిన రకాలను మాత్రమే అక్కడికి కాపీ చేసి, ఎన్.ఎఫ్.ఎస్. ద్వారా "చదవడానికి మాత్రమే" అన్న షరతుతో దానినే పంచాలి. విడి భాగం ఎందుకంటారా? ఎన్.ఎఫ్.ఎస్. ఫైళ్ళను గుర్తింపు సంఖ్యలతో పోల్చుకుంటుంది. మామూలు అమరికలో, ఆ సంఖ్యలను ఊహించగల టక్కరి అదే భాగంలోని పక్క ఫోల్డరులోకి చేయి చాచే ప్రమాదముంది.

కాపీ చేసే పనికి "ఆర్‌సింక్" అనే ప్రోగ్రాము ఉంది. దీనిని ట్రిడ్జెల్, పాల్ మాకెరాస్ కలిసి తయారుచేసి 1996లో విడుదల చేశారు. దానికి ఈ మూడు నియమాలు వరసగా ఇస్తే చాలు:

1. ఫోల్డర్లన్నిటిలోకీ వెళ్ళు.
2. పీడీఎఫ్, జేపీజీ అని పేరు చివర ఉన్నవాటిని తీసుకో.
3. మిగిలినవన్నీ వదిలెయ్యి.

ప్రతి ఫైలుకూ ముందుగా సరిపడిన నియమమే చెల్లుతుంది. మూడో నియమాన్ని మొదట పెట్టారంటే ఒక్క ఫైలూ కాపీ కాదు! ఇంకో జాగ్రత్త: లినక్స్‌కు ఇంగ్లీషు పెద్దబడి అక్షరాలు వేరు, చిన్నబడి అక్షరాలు వేరు. కొన్ని కెమెరాలు "జేపీజీ" అని పెద్దబడి అక్షరాలతో రాస్తాయి. రెండు విధాలా నియమంలో రాయకపోతే ఆ బొమ్మలు మిగిలిపోతాయి.

ఇంకా మిగిలిన చిల్లు

ఇంతటితో ప్రశ్నపత్రం భద్రమేనా? మాస్టారు దానిని అచ్చువేయించడానికి పీడీఎఫ్‌గా మార్చి, అదే ఫోల్డరులో ఉంచారనుకోండి. ఇప్పుడు చీటీ నిజమైనదే, లోపలి సరుకూ పీడీఎఫే. రెండో నియమం ప్రకారం ప్రశ్నపత్రం పాఠాలతోపాటు 20 కంప్యూటర్లకూ పోతుంది! మూత తీసి మొదటి సంఖ్యలు చూసినా ఉపయోగం లేదు. ఎందుకంటే అది రహస్యం కావడానికి కారణం దాని రకం కాదు, అందులోని విషయం.

కాబట్టి ఫైళ్ళను మొదట "ఎవరు చదవాలి?" అన్న ప్రశ్నతో వేరు చెయ్యాలి. ప్రశ్నపత్రాలు, మార్కులు వేరే ఫోల్డరులో ఉండాలి. ఆ ఫోల్డరును ఆర్‌సింక్‌కు చూపించనే కూడదు. దానిని తెరిచే అనుమతి మాస్టారికి మాత్రమే ఉండాలి. రకం చూసి వడగట్టడం ఆ తరవాతి మాట. పాఠాల ఫోల్డరులో పొరపాటున పడ్డ చెత్తను ఆపడానికి అది బాగా పనికివస్తుంది.

చేసి చూడండి

1. ఒక జేపెగ్ బొమ్మకు కాపీ తీయండి. కాపీ పేరు చివర "జేపీజీ" బదులు "టీఎక్స్‌టీ" అని మార్చి నోట్‌ప్యాడ్‌లో తెరవండి. ఏమి కనిపించింది? దానిని సేవ్ చెయ్యకుండా మూసి, పాత పేరు మళ్ళీ పెట్టండి. బొమ్మ చెడిందా?

2. ఒక పీడీఎఫ్ ఫైలు కాపీని నోట్‌ప్యాడ్‌లో తెరిచి, మొదటి వరసలో ఏముందో రాసుకోండి.

3. ఇప్పటి వర్డ్ ఫైళ్ళూ ఎక్సెల్ ఫైళ్ళూ రెండూ లోపల జిప్ ఫైళ్ళే. రెండూ పీ, కే అక్షరాలతోనే మొదలవుతాయి. మరి మొదటి రెండు అక్షరాలు మాత్రమే చూసి వాటిని వేరు చెయ్యగలమా? మీ మిత్రులతో చర్చించి చెప్పండి.