అట్టతో గూడ్సు పెట్టె – తుప్పు చెప్పే పాఠం

ఈపురుపాలెంలో రైలు కోసం నిలబడినప్పుడు గూడ్సు బండి ఎదురైతే మీరేం చేస్తారు? పెట్టెలు లెక్కపెడతారు, అవునా? విజయవాడ–చెన్నై లైను మీద బాపట్లకూ చీరాలకూ మధ్య ఉన్న ఊరిది. గూడ్సు బండ్లకు కరువు లేదు. ఈసారి లెక్కతో పాటు రంగు కూడా చూడండి. ఒకే రకం పెట్టెలైనా ఏ రెండూ ఒకేలా ఉండవు. ఒకదాని అంచుల్లో తుప్పు, మరొకదాని గోడల మీద చారలు. ఎందుకిలా? ఒక పెట్టెను మనమే తయారు చేసి తెలుసుకుందాం.

బొగ్గు మోసే, పైకప్పు లేని పెట్టెను బాక్స్-ఎన్ వ్యాగన్ అంటారు. దాని పొడవు 9,784 మిల్లీమీటర్లు, లోపలి వెడల్పు 2,950, గోడ ఎత్తు 1,950. మన నమూనాకు 1:50 నిష్పత్తి తీసుకుందాం. ప్రతి కొలతనూ 50తో భాగించండి. పొడవు 196 మి.మీ., వెడల్పు 59, గోడ ఎత్తు 39 వస్తాయి. దళసరి అట్ట మీద ఈ కొలతలు గీసి, కోసి, బంకతో అతికించండి.

గోడలకు బయటివైపు నిలువు పట్టీలుంటాయి. లోపలి సరుకు గోడల్ని బయటికి నెడుతుంది. ఆ ఒత్తిడికి గోడ వంగకుండా ఆపేవి ఈ పట్టీలే. అవి లోపల ఉంటే సరుకు దించడానికి అడ్డు వచ్చేవి. సన్నని అట్టముక్కలతో వాటినీ అంటించండి.

అసలు చక్రం వ్యాసం 1,000 మి.మీ. కనుక మన చక్రం 20 మి.మీ. గుండ్రని అట్టబిళ్ళలను ఒకదానిపై ఒకటి అంటించి 8 చక్రాలు చేయండి. ఇరుసులకు పాత సైకిలు స్పోకు ముక్కలు సరిపోతాయి. బ్రాడ్‌గేజి పట్టాల మధ్య దూరం 1,676 మి.మీ. మరి మన పట్టాల మధ్య ఎంత ఉండాలి? మీరే లెక్క కట్టండి. 33.5 వచ్చిందా? సరే.

ఇప్పుడొక చిక్కు ప్రశ్న. ఖాళీ వ్యాగన్ బరువు సుమారు 22.5 టన్నులు. నమూనా బరువు ఎంత ఉండాలి? తొందరపడి 50తో భాగిస్తే 450 కిలోలు వస్తుంది! అంత బరువును మీ బల్ల మోయగలదా? తప్పు ఎక్కడుంది? పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ 50 రెట్లు తగ్గాయి. కనుక ఘనపరిమాణం 50 × 50 × 50, అంటే 1,25,000 రెట్లు తగ్గుతుంది. బరువూ అంతే తగ్గాలి. అప్పుడు 180 గ్రాములు వస్తుంది. అట్టపెట్టె ఇంతకంటే తేలిక అయితే, పట్టాల మీద నిలకడగా ఉండదు. అడుగున ఇనుప వాషర్లు అంటించి 180 గ్రాములకు తీసుకురండి.

పెట్టెకు ముదురు ఎరుపు రంగు వేసి ఆరనివ్వండి. ఇప్పుడది కొత్తగా మెరుస్తుంది. దాన్ని పాతపెట్టెగా మార్చే ముందు ఒక ప్రయోగం చేయాలి. మూడు ఇనుప మేకులను గరుకు కాగితంతో రుద్దండి. ఒకదాన్ని పొడి సీసాలో వేసి మూత పెట్టండి. రెండోదాన్ని మంచినీటితో తడిపిన దూది మీద, మూడోదాన్ని ఉప్పునీటితో తడిపిన దూది మీద ఉంచండి. దూది ఆరకుండా చూస్తూ వారం రోజులు గమనించండి. ఉప్పునీటి మేకు అన్నిటికంటే ఎక్కువ తుప్పు పడుతుంది. ఇనుము, నీరు, గాలిలోని ఆక్సిజన్ కలిస్తే తుప్పు పుడుతుంది. ఈ చర్యలో ఇనుము ఎలక్ట్రానులను కోల్పోతుంది. ఉప్పునీటిలో విద్యుత్తు సులభంగా ప్రవహిస్తుంది కనుక చర్య వేగంగా సాగుతుంది. సముద్రం దగ్గరి ఊళ్ళలో సైకిళ్ళు త్వరగా తుప్పు పట్టడానికి కారణం ఇదే.

ఇక రంగు పూత. ఇటుకపొడి, దీపపు మసి, రోడ్డు దుమ్ము చాలు. ఇటుక ఎరుపుకూ తుప్పు ఎరుపుకూ కారణం ఒకటే: ఐరన్ ఆక్సైడ్. మసి, బొగ్గులాగే, ముఖ్యంగా కార్బన్. వీటిని పలుచని గంజిలో కలపండి. మన నేతగాళ్ళు పడుగు నూలుకు గంజి పట్టిస్తారు కదా, అదే ఇక్కడ పొడిని అట్టకు పట్టి ఉంచుతుంది.

అయితే ఎక్కడపడితే అక్కడ పూయకండి. నీరు ఎక్కడ నిలుస్తుందో ఆలోచించండి. గోడ అడుగు అంచులు, తలుపు కింది మూలలు, పట్టీల అతుకులు: తుప్పు అక్కడే మొదలవుతుంది. వాన నీరు కిందికి జారుతుంది కనుక తుప్పు చారలు పైనుంచి కిందికే గీయాలి. లోపల మసి పూయండి. బ్రేకులు చక్రాలను ఒరుసుకున్నప్పుడు రాలే పొడి అడుగు భాగానికి అంటుతుంది. పట్టాను తాకే చక్రపు అంచుకు మాత్రం పూత వద్దు. రాపిడికి అది ఎప్పుడూ మెరుస్తూనే ఉంటుంది.

ఇదంతా ఆటే అనుకోకండి. తడిసిన బొగ్గులోని గంధకం నుంచి ఆమ్లం పుట్టి పెట్టె అడుగు రేకును తినేస్తుంది. విజయవాడ దగ్గరి గుంటుపల్లి వ్యాగన్ వర్క్‌షాపులో గూడ్సు పెట్టెలకు మరమ్మతులు జరుగుతాయి. అక్కడి పనివారు చదివేది కూడా ఈ మచ్చల భాషనే. తుప్పు తిన్న రేకును సకాలంలో మార్చకపోతే పెట్టె బలహీనపడుతుంది.

ఒక్కమాట. పెట్టెలను ప్లాట్‌ఫారం మీద నుంచే పరిశీలించండి. పట్టాల మీదికి ఎప్పుడూ దిగవద్దు. మీ నమూనా పూర్తయ్యాక స్నేహితునికి చూపించి, "ఈ పెట్టె ఏ సరుకు మోసింది? తుప్పు ఎక్కడ మొదలైంది?" అని అడగండి. మీరు చెప్పకుండానే అతడు సరిగా జవాబిస్తే మీ పని నెగ్గినట్టే.