మోటారు సైకిలు గొలుసు చక్రముల లెక్క

బస్తాల బరువుతో కాలువ గట్టు ఎక్కలేక బండి మొరాయించినచో, రైతులు ముందుగా ఇంజనునే అనుమానింతురు. గొలుసు తిరుగు స్ప్రాకెట్ల పండ్లు లెక్కించి చూచువారు అరుదు.

ఇంజను వద్దనున్న చిన్నదానికి 14, వెనుక చక్రమునకున్న పెద్దదానికి 42 పండ్లు ఉన్నవనుకొందము. 42ను 14చే భాగింపగా 3 వచ్చును. అనగా చిన్నది మూడు చుట్లు తిరిగిన గాని వెనుక చక్రము ఒక చుట్టు తిరుగదు. చిన్నదానిని 13 పండ్లదిగా మార్చినచో నిష్పత్తి 3.23 అగును. లాగు బలము నూటికి సుమారు 8 పాళ్ళు పెరుగును. ఇంజను అదే జోరున తిరిగినను బండి వేగము 7 పాళ్ళు తగ్గును. ఇదే ఫలితము వెనుకదానిని మార్చి పొందవలెనన్న 45 పండ్లు కావలెను. ముందరి ఒక పన్ను వెనుక మూడింటి పెట్టు!

1961లో హోండా వారు అమెరికాలో అమ్మిన ట్రైల్ 50 బండికి వెనుక రెండు స్ప్రాకెట్లుండెను. పెద్దది కొండదారులకు, చిన్నది రోడ్డుకు. మనకంత అక్కరలేదు, ఒక్క పన్ను చాలును.

అయితే దీనివలన బ్రేకులకు బలము రాదు. గట్టు దిగునప్పుడు బరువును ఆపవలసినవి అవియే గనుక బస్తాలు పెంచరాదు. గొలుసు అరిగియున్నచో దానిని, రెండు స్ప్రాకెట్లను కలిపియే మార్చవలెను. ముందు చిన్నది వేసిన పిమ్మట గొలుసు వదులగును. వెనుక చక్రమును కొంచెము వెనుకకు జరిపి బిగించుకొనవలెను.