వాలీబాల్ ఆడే ఆడపిల్లల మోకాళ్ళను ముందుగానే కాపాడుకుందాం

పోయిన సంవత్సరం ఒక సాయంత్రం పదవ తరగతి చదివే అమ్మాయిని పి.ఇ.టి. మాస్టారు మా క్యాజువాలిటీకి తీసుకొచ్చారు. స్మాష్ కొట్టి కిందికి దిగేటప్పుడు మోకాలు లోపలికి మెలిపడిందని, 'టప్' మని శబ్దం వినిపించిందని ఆ అమ్మాయి చెప్పింది. ఎక్స్‌రే తీయించాము. ఎముక విరగలేదు. క్రేప్ బ్యాండేజి కట్టి, నొప్పి మాత్రలిచ్చి, "భయం లేదు, వారం రోజులు విశ్రాంతి తీసుకో" అని పంపించాము.

మూడు వారాల తరువాత మెట్లు దిగుతుంటే అదే మోకాలు మళ్ళీ జారింది. అప్పుడు ఎముకల డాక్టరుగారు పరీక్షించి ఎం.ఆర్.ఐ. చేయించారు. మోకాలి లోపల ఉండే ఎ.సి.ఎల్. అనే లిగమెంటు పూర్తిగా తెగిపోయింది. లిగమెంటు ఎక్స్‌రేలో కనిపించదు. 'టప్' మన్న శబ్దాన్ని, కొద్ది గంటల్లోనే వచ్చిన వాపును మేము ఇంకా గట్టిగా పట్టించుకోవలసింది. ఆ పొరపాటు మాదే. ఆ అమ్మాయి స్పోర్ట్స్ స్కూలు ఎంపిక పోటీలకు వెళ్ళలేకపోయింది.

వాళ్ళ నాన్నగారు అడిగిన ప్రశ్న మాకు ఇప్పటికీ గుర్తుంది: "సిస్టరమ్మా, ఎవరూ తొయ్యలేదు, ఎవరూ గుద్దలేదు. మరి ఎలా తెగింది?" ఈ పాఠం ఆ ప్రశ్నకు జవాబు.

ఎవరూ తగలకుండానే ఎందుకు తెగుతుంది?

తొడ ఎముకను, దాని కింది ఎముకను కలిపి ఉంచే బలమైన పట్టీలే లిగమెంట్లు. వాటిలో ఎ.సి.ఎల్. కింది ఎముక ముందుకు జారకుండా, మెలితిరగకుండా ఆపుతుంది. ఈ లిగమెంటు గాయాలలో ఎక్కువ భాగం ఎదుటివారు తగలడం వల్ల కాదు, ఎగిరి దిగేటప్పుడు, పరుగులో ఉన్నట్టుండి ఆగేటప్పుడు, పక్కకు తిరిగేటప్పుడు వస్తాయి. వాలీబాల్‌లో స్మాష్‌కీ, బ్లాక్‌కీ ఎగరవలసిందే. ఎగిరిన ప్రతిసారీ దిగవలసిందే.

ఒకే రకమైన ఆట ఆడే అబ్బాయిలతో పోలిస్తే అమ్మాయిలలో ఈ గాయం ఎక్కువ. రజస్వల అయ్యే వయసులో ఎత్తు, బరువు త్వరగా పెరుగుతాయి. తుంటి కండరాలు, తొడ వెనుక కండరాలు అదే వేగంతో బలపడవు. అందువల్ల చాలామంది అమ్మాయిలు మోకాళ్ళు చాలినంత వంచకుండా నిటారుగా దిగుతారు. మోకాళ్ళు రెండూ లోపలికి ఒరుగుతాయి. బరువంతా ఆ చిన్న లిగమెంటు మీద పడుతుంది. ఇది ఆడపిల్లల బలహీనత అనుకోకండి. సరిదిద్దుకోగల అలవాటు.

మీరే పరీక్షించి చూడండి

సుమారు ఒక అడుగు ఎత్తున్న బల్ల మీద అమ్మాయిని నిలబెట్టండి. అక్కడినుండి రెండు కాళ్ళతో కిందికి దిగి, వెంటనే పైకి ఎగరమనండి. మీరు ఎదురుగా నిలబడి మోకాళ్ళనే చూడండి. సెల్‌ఫోనులో వీడియో తీస్తే ఇంకా మంచిది. మోకాళ్ళు పాదాల వేళ్ళకు నేరుగా ఉంటే సరే. ఒకదానివైపు ఒకటి ఒరిగితే, లేక దిగినప్పుడు 'ధబ్' మని చప్పుడు వస్తే, ఆ అమ్మాయికి కింది వ్యాయామాలు తప్పనిసరి.

సరిదిద్దే వ్యాయామాలు

ముందు 5 నిమిషాలు మెల్లగా పరుగెత్తి ఒళ్ళు వేడెక్కించాలి.

1. సగం గుంజీ: కుర్చీలో కూర్చోబోతున్నట్లు పిరుదులు వెనక్కి నెట్టి మోకాళ్ళు వంచాలి. మోకాళ్ళు వేళ్ళకు నేరుగా ఉండాలి. 10 చొప్పున రెండుసార్లు.

2. నడుము లేపడం: వెల్లకిలా పడుకొని, మోకాళ్ళు వంచి, పాదాలు నేలకు ఆనించి నడుము పైకి లేపి దించాలి. 10 నుండి 15 సార్లు.

3. పక్కకు కాలు లేపడం: ఒక పక్కకు పడుకొని పై కాలును నిటారుగా లేపి మెల్లగా దించాలి. ఒక్కొక్క కాలికి 10 నుండి 15 సార్లు. మోకాలు లోపలికి ఒరగకుండా ఆపేది ఈ తుంటి కండరాలే.

4. ముందుకు వాలడం: మెత్తని చోట మోకాళ్ళపై నిలబడాలి. స్నేహితురాలు చీలమండలు గట్టిగా పట్టుకోవాలి. ఒంటిని నిటారుగా ఉంచి ఆపగలిగినంతవరకు మెల్లగా ముందుకు వాలి, చివర చేతులు ఆనించాలి. మొదట 3 నుండి 5 సార్లు చాలు.

5. ఒంటికాలి నిలకడ: మోకాలు కొద్దిగా వంచి ఒక కాలిపై 30 సెకన్లు నిలబడాలి. అలవాటయ్యాక బంతి విసురుకుంటూ చేయాలి.

6. మెత్తగా దిగడం: ఎగిరి, మునివేళ్ళు ముందు, మడమలు తరువాత ఆనేలా మోకాళ్ళు వంచి దిగి, 2, 3 సెకన్లు కదలకుండా నిలబడాలి. చప్పుడు వినబడకూడదు. 10 సార్లు.

అంతా కలిపి 20 నిమిషాలు. వారానికి మూడు రోజులు, ఆటకు ముందు చేయాలి. పోటీలకు కనీసం ఆరు వారాల ముందు మొదలుపెట్టి, పోటీలు జరుగుతున్నంతకాలం మానకూడదు. ఎన్ని చేశారన్నది కాదు, ఎంత సరిగా చేశారన్నది ముఖ్యం. నొప్పి వస్తే ఆపేయాలి.

ఫలితం ఉంటుందా అని కొందరు అడుగుతారు. 1999లో అమెరికాలో వాలీబాల్, ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ ఆడే హైస్కూలు పిల్లల మీద జరిపిన పరిశీలన వెలువడింది. ఆరు వారాలు ఇటువంటి శిక్షణ పొందిన అమ్మాయిలకంటే పొందని అమ్మాయిలలో మోకాలి తీవ్ర గాయాలు 3.6 రెట్లు ఎక్కువగా కనిపించాయి. గాయాలు అసలే రావని కాదు, బాగా తగ్గుతాయి.

గాయమైతే

ఆట వెంటనే ఆపించండి. గుడ్డలో చుట్టిన ఐసు 15 నుండి 20 నిమిషాలు పెట్టండి. బ్యాండేజి కట్టి కాలు ఎత్తుగా ఉంచండి. నూనె మర్దన, కాలు లాగించడం, నాటు కట్టు వద్దు. శబ్దం రావడం, త్వరగా వాపు, మోకాలు జారినట్లుండడం, ఈ మూడింటిలో ఏది ఉన్నా ఎక్స్‌రే బాగుందని సరిపెట్టుకోకుండా ఎముకల డాక్టరుకు చూపించండి. గాయం లేకుండానే మోకాలి చిప్ప కింద నొప్పి రోజూ వస్తుంటే అది ఎక్కువగా ఎగరడం వల్ల కావచ్చు. దాన్నీ దాచిపెట్టవద్దు.

తల్లిదండ్రులకు, మాస్టార్లకు మనవి

గాయానికి భయపడి ఆట మాన్పించకండి. మాన్పించవలసింది తప్పుగా దిగే అలవాటును. నలుగురిలో వ్యాయామం చేయడానికి అమ్మాయిలు సిగ్గుపడితే వారికి వేరే సమయం, వేరే చోటు చూపించండి.

ఆ అమ్మాయికి ఆపరేషన్ జరిగింది. ఎ.సి.ఎల్. ఆపరేషన్ తరువాత తొమ్మిది నెలలైనా గడవకుండా, కాలి బలం పరీక్షించకుండా ఆటకు పంపరు. ఆ అమ్మాయి ఇంకా కోర్టులోకి దిగలేదు, వ్యాయామం మాత్రం ఒక్కరోజూ మానలేదు. ఆ బడిలో మాస్టారు ఇప్పుడు జట్టులోని పిల్లలందరిచేత ఈ ఆరు వ్యాయామాలు చేయిస్తున్నారు. మీ బడిలోనూ మొదలుపెట్టండి. ఎలా చేయాలో సందేహముంటే పిల్లలను మా ఫిజియోథెరపీ విభాగానికి తీసుకురండి, దగ్గరుండి చూపిస్తాము.