790వ ర్యాంకు నుండి ప్రథమ స్థానమునకు

కోరుట్లకు పొరుగు పట్టణమైన మెట్‌పల్లి వాస్తవ్యునికి సివిల్ సర్వీసు పరీక్షలో అఖిల భారత ప్రథమ స్థానము లభించినదని 2018 ఏప్రిల్ నెలలో తెలిసిన నాటినుండి, జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతముల విద్యార్థులు దురిశెట్టి అనుదీప్ గారిని తలచునప్పుడెల్ల ఆ ఒకటవ ర్యాంకునే తలచుచున్నారు గాని, దానికి ముందు గడచిన సంవత్సరములను విచారించువారు అరుదు.

పిలానీలోని బిట్స్ సంస్థయందు ఇంజనీరింగు ముగించి, గూగుల్‌లో కొంతకాలము పనిచేసిన ఆయన, 2013 పరీక్షలో 790వ ర్యాంకు పొంది, ఇండియన్ రెవెన్యూ సర్వీసున ప్రవేశించి, అధికారిగా నుండియే మరల పరీక్షలు వ్రాసి, ఐదవ యత్నమున, అనగా 2017 పరీక్షలో, ప్రథములైరి. పట్టుదలను గూర్చి ఉపన్యసించువారికి మనకు కొరత లేదు గనుక నేను వేరొక విషయము చెప్పెదను: ఆ యత్నములు సాగిన కాలమున ఆయన చేతిలో జీతమున్నది. ఇంట తల్లి చుట్టిన బీడీలకూలియో, తండ్రి సాంచాలపై సంపాదించిన రొక్కమో హైదరాబాదు అశోక్‌నగరులో శిక్షణకై తీసుకొన్న గది అద్దెకు ఏండ్లతరబడి వ్యయమగుట కంటె, గ్రూపు పరీక్షలలోనో బ్యాంకులోనో ముందొక కొలువు సంపాదించుకొని, సెలవుదినములను చదువునకు వినియోగించుట వివేకమని నా నిశ్చితాభిప్రాయము.

ఇక ఆయన మార్కుల పట్టిక మిక్కిలి ఆసక్తికరమైనది. మొత్తము 2025 మార్కులకు వచ్చినవి 1126, అనగా నూటికి 56 కంటె తక్కువ. నీతిశాస్త్ర పత్రమున 250కి 95 మాత్రమే! మన కళాశాలలలో తొంబది శాతము తెచ్చుకొన్నవారు సైతము ఈ పట్టికను చూచి విస్మయపడవచ్చును. ఆ లోటును పూరించినవి వ్యాసపత్రమున లభించిన 155, ఐచ్ఛికాంశమైన మానవశాస్త్రమున 500కి లభించిన 318 మార్కులు. చదివిన దానిని నియమితకాలములో క్రమముగా వ్రాయగల శక్తియే ఇచ్చట ఫలించినది; ఆ శక్తి గడియారము నెదుట నుంచుకొని నిత్యము వ్రాయనిదే అలవడదు.

తెలుగు మాధ్యమమున చదివితిమని కుందువారు శ్రీకాకుళము జిల్లాకు చెందిన రోణంకి గోపాలకృష్ణ గారిని స్మరింపవలెను. ఉపాధ్యాయులుగా నుండి, ప్రధానపరీక్షను తెలుగులోనే వ్రాసి, 2016 పరీక్షలో ఆయన మూడవ ర్యాంకు సాధించిరి. అయినను ప్రాథమిక పరీక్షపత్రము ఆంగ్లహిందీభాషలలోనే వచ్చును గనుక ఆంగ్లము చదివి గ్రహింపగల నేర్పు తప్పదు.

మౌఖికపరీక్షయందు స్వస్థలమును గూర్చి ప్రశ్నించుట పరిపాటి. సిరిసిల్ల మరమగ్గములకు బతుకమ్మ చీరల ఆర్డరు ఎట్లు వచ్చినది, ముత్యంపేట చక్కెర కర్మాగారము ఏల మూతబడినది, మధ్యమానేరు జలాశయము క్రింద మునిగిన గ్రామములవారి స్థితి యేమి అను ప్రశ్నలకు ఈ ప్రాంతపు అభ్యర్థి తడబడకుండ సమాధానము చెప్పగలిగి యుండవలెను.

దరఖాస్తు చేయుటకు ముందు లెక్క చూచుకొనుడు: సాధారణ వర్గమువారికి 32 ఏండ్ల వయస్సు వరకు 6 అవకాశములు, వెనుకబడిన తరగతులవారికి 35 వరకు 9, షెడ్యూల్డు కులములు, తెగలవారికి 37 వరకు పరిమితి లేదు. ప్రాథమిక పరీక్షలో ఒక్క పత్రమునకు హాజరైనను ఒక అవకాశము ఖర్చైనట్లే.