కాల్చి కనుక్కుందాం!

పేరు తెలియని వాయువు ఒకటి మీకిచ్చి, దాని అణువులో ఏ పరమాణువులు ఎన్ని ఉన్నాయో చెప్పమంటే ఏం చేస్తారు? అందులో కార్బన్, హైడ్రోజన్ మాత్రమే ఉన్నాయని తెలిస్తే, దాన్ని కాల్చి ఘనపరిమాణాలు కొలిస్తే చాలు.

ఒకే ఉష్ణోగ్రత, ఒకే పీడనం వద్ద సమాన ఘనపరిమాణాలు గల వాయువుల్లో అణువుల సంఖ్య సమానమని 1811లో ఇటలీ శాస్త్రజ్ఞుడు అవొగాడ్రో సూచించాడు. అంటే, ఘనపరిమాణాల నిష్పత్తే అణువుల నిష్పత్తి. మన లెక్కకు ఇదే ఆధారం.

లెక్క: అలాంటి వాయువును 10 ఘ.సెం.మీ. తీసుకుని, 80 ఘ.సెం.మీ. ఆక్సిజన్‌తో కలిపి పూర్తిగా మండించారు. గది ఉష్ణోగ్రతకు చల్లారాక 55 ఘ.సెం.మీ. మిగిలింది. దాన్ని కాస్టిక్ పొటాష్ ద్రావణంతో కుదిపితే 15 ఘ.సెం.మీ. మిగిలింది. కొలతలన్నీ ఒకే ఉష్ణోగ్రత, పీడనాల వద్ద తీసుకున్నవే. ఆ వాయువు ఫార్ములా ఏది?

చల్లారినప్పుడు ఆవిరి నీరైపోయింది. ఆ నీటి ఘనపరిమాణం చాలా స్వల్పం కనుక వదిలేద్దాం. కాస్టిక్ పొటాష్ పీల్చుకున్నది కార్బన్ డయాక్సైడ్: 55 − 15 = 40. చివర మిగిలిన 15 ఖర్చు కాని ఆక్సిజన్. కాబట్టి ఖర్చయినది 80 − 15 = 65.

ఇక్కడ కొందరు 90 నుంచి 55 తీసివేసి, ఆక్సిజన్ ఖర్చు 35 అంటారు. అది తప్పు. ఆ 55లో కొత్తగా పుట్టిన కార్బన్ డయాక్సైడ్ కూడా ఉంది కదా!

10 అణువుల నుంచి 40 కార్బన్ డయాక్సైడ్ అణువులు వచ్చాయి. అంటే ఒక్కో అణువులో 4 కార్బన్ పరమాణువులున్నాయి. 40 కార్బన్ డయాక్సైడ్‌కు 40 ఆక్సిజన్ పోగా, మిగతా 25 నీటి కోసం ఖర్చయింది. ఒక ఆక్సిజన్ అణువు 2 నీటి అణువులనిస్తుంది కనుక 50 నీటి అణువులు, వాటిలో 100 హైడ్రోజన్ పరమాణువులు. అంటే ఒక్కో అణువుకు 10.

4 కార్బన్, 10 హైడ్రోజన్: ఇది బ్యూటేన్ ఫార్ములా. మన వంటగ్యాస్‌లో ముఖ్యంగా ఉండేవి బ్యూటేన్, ప్రొపేన్ వాయువులే.

ఇక వంటింట్లోకి రండి. 1 లీటరు బ్యూటేన్ వాయువుకు 6.5 లీటర్ల ఆక్సిజన్ కావాలి. గాలిలో ఆక్సిజన్ సుమారు 21 శాతమే. అంటే దాదాపు 31 లీటర్ల గాలి! అది చాలకపోతే రంగూ వాసనా లేని విషవాయువు కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. అది ప్రాణాలు తీయగలదు. పొయ్యి వెలిగేటప్పుడు కిటికీ తెరిచి ఉంచమనడం ఇందుకే.

మీరు చేయండి: 10 ఘ.సెం.మీ. మరో హైడ్రోకార్బన్‌ను 80 ఘ.సెం.మీ. ఆక్సిజన్‌తో మండిస్తే, చల్లారాక 60, కాస్టిక్ పొటాష్ తర్వాత 30 ఘ.సెం.మీ. మిగిలాయి. ఏమిటా వాయువు?

(జవాబు: 3 కార్బన్, 8 హైడ్రోజన్ పరమాణువులు గల ప్రొపేన్.)