అలలపై ఆతిథ్యం

పాఠ్యభాగ పరిచయం

యాత్రారచన ఒక విశిష్టమైన గద్య ప్రక్రియ. 1830-31 సంవత్సరాలలో తాను చేసిన కాశీయాత్రను అక్షరబద్ధం చేసి ఏనుగుల వీరాస్వామయ్య తెలుగులో ఈ ప్రక్రియకు బాట వేశారు. చూసిన స్థలాలను వర్ణించడంతోపాటు అక్కడి మనుషుల జీవనాన్ని పరిశీలించి చెప్పడం మంచి యాత్రారచన లక్షణం. ప్రస్తుత పాఠ్యాంశం అలాస్కా తీరంలో సాగిన ఏడు రాత్రుల విహారనౌకా యాత్రకు సంబంధించినది. ప్రకృతి సౌందర్యాన్నీ, నౌకలో లభించే ఆతిథ్యాన్నీ పరిచయం చేస్తూ, ఆ ఆతిథ్యం వెనుక ఉన్న శ్రమపట్ల విద్యార్థులలో గౌరవభావం కలిగించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

వర్తకంకోసం, వలసకోసం, విద్యకోసం మనిషి నౌక ఎక్కిన కాలంలో క్షేమంగా తీరం చేరడమే ప్రయాణ పరమార్థం. తీరం చేరవలసిన పని లేకుండా, కేవలం వినోదానికి నౌకను నడపవచ్చునన్న ఆలోచన పందొమ్మిదో శతాబ్ది చివర బలపడింది. శీతకాలంలో అట్లాంటిక్ మార్గంలో ప్రయాణికులు తగ్గిపోవడం గమనించిన ఆల్బర్ట్ బాలిన్ అనే జర్మన్ నౌకావ్యాపారి 1891లో 'అగస్టా విక్టోరియా' నౌకను మధ్యధరా సముద్రంలో విహారయాత్రకు పంపాడు. 1950ల చివర జెట్ విమానాలు అట్లాంటిక్ సముద్రాన్ని కొన్ని గంటలలోనే దాటసాగాయి. ప్రయాణికుల నౌకలకు పాత పని తగ్గిపోయి, విహారమే వాటికి కొత్త జీవనాధారమయింది.

మా యాత్ర జూన్ మాసంలో కెనడా పశ్చిమతీరంలోని వాంకోవర్ రేవునుంచి మొదలయింది. రేవులో నిలిచి ఉన్న నౌకను దగ్గరనుంచి చూస్తే పది అంతస్తుల మేడ నీటిమీద లేచి నిలిచినట్లు తోచింది. లోపల భోజనశాలలు, గ్రంథాలయం, నాటకశాల, ఈతకొలను, వైద్యశాల ఉన్నాయి. సముద్రపు నీటినుంచి మంచినీటిని తయారుచేసే యంత్రాలు, విద్యుత్తును ఉత్పత్తి చేసే యంత్రాలు అడుగు అంతస్తులలో రాత్రింబవళ్ళు పనిచేస్తుంటాయి. సుమారు రెండువేలమంది ప్రయాణికులకు ఎనిమిది వందలమంది సిబ్బంది. అంటే ప్రతి ఐదుగురు అతిథులకు ఇద్దరు పరిచారకులన్నమాట.

నౌక కదలకముందే ప్రతి ప్రయాణికుడూ తనకు కేటాయించిన అత్యవసర స్థానానికి వెళ్ళి, ప్రమాదం జరిగితే ఏ పడవ ఎక్కాలో, ప్రాణరక్షక కవచాన్ని ఎలా ధరించాలో తెలుసుకోవాలి. కొందరు దీనిని విసుగుతో చూస్తారు. కానీ ఈ నియమం వెనుక విషాదం ఉంది. 1912లో టైటానిక్ మునిగిన తరువాత, 1914లో సముద్రంలో ప్రాణరక్షణకు సంబంధించిన తొలి అంతర్జాతీయ ఒడంబడిక రూపొందింది. 2012 జనవరి 13న ఇటలీలోని జిలియో ద్వీపం వద్ద 'కోస్టా కాంకోర్డియా' అనే విహారనౌక శిలను ఢీకొని ఒరిగిపోగా 32 మంది మరణించారు. ఆనాడు కొత్తగా ఎక్కిన వందలాది ప్రయాణికులకు అప్పటికింకా ఈ శిక్షణ జరగలేదు. అందుకే నౌక బయలుదేరకముందు గాని, బయలుదేరిన వెంటనే గాని శిక్షణ పూర్తికావాలన్న నిబంధన 2015నుంచి అమలులోకి వచ్చింది. మాకు ఆ పాఠం చెప్పిన యువతి మరునాడు ఉదయం ఫలహారశాలలో కాఫీ అందిస్తూ కనిపించింది. నౌకలో వంటవాడైనా, గాయకుడైనా ఆపద వేళ ప్రాణరక్షకుడే.

వాంకోవర్ దాటిన నౌక ద్వీపాలకూ ప్రధాన భూభాగానికీ నడుమ ఉన్న అంతర్మార్గంలో ఉత్తరదిశగా సాగింది. ఇరువైపులా దేవదారు జాతి వృక్షాలతో నిండిన కొండలు, వాటి శిఖరాలపై కరగని మంచు, కొండ చరియలనుంచి వెండితీగలవలె జారే జలపాతాలు. జూన్ మాసంలో అక్కడ రాత్రి పది గంటలవరకు వెలుతురు ఉంటుంది. ద్వీపాల అండ ఉన్నంతవరకు నీరు చెరువులా నిశ్చలంగా ఉంది. అండ తొలగిన చోట మాత్రం నౌక ఊగి, తాను ఉన్నది సముద్రంలోనని గుర్తుచేసింది.

ఇక ఆతిథ్యం. ఇండోనేషియా దేశస్థుడైన మా గది పరిచారకుడు రోజుకు రెండుసార్లు గదిని శుభ్రపరిచేవాడు. ఉదయం మేము ఫలహారానికి వెళ్ళివచ్చేసరికి పక్క సర్ది ఉండేది. రాత్రి భోజనం ముగించి వచ్చేసరికి తువ్వాలును మడిచి చేసిన ఏనుగో, కుందేలో మంచంపై కూర్చుని ఉండేది. అతడు ఎప్పుడు వచ్చాడో, ఎప్పుడు వెళ్ళాడో మాకు తెలిసేది కాదు. భోజనశాలలో మాకు వడ్డించేవాడు గోవాకు చెందిన యువకుడు. మేము శాకాహారులమని తొలిరాత్రి చెప్పాము. ఆ తరువాత మళ్ళీ చెప్పవలసిన అవసరం కలగలేదు. మూడవనాడు అడగకుండానే పప్పు, అన్నం, మామిడికాయ ఊరగాయ మా బల్లమీదికి వచ్చాయి. అలాస్కా సముద్రం మధ్య ఊరగాయ చూసిన మా ఆనందం ఇంతా అంతా కాదు. వంటశాలలోని భారతీయులు తమకోసం దాచుకున్న సీసా అదని తరువాత తెలిసింది.

నౌక మొదట జూనో నగరం వద్ద ఆగింది. అలాస్కా రాష్ట్రానికి రాజధాని అయినా ఆ నగరానికి బయటినుంచి రహదారి లేదు. ఓడలోనో, విమానంలోనో రావలసిందే. సుమారు ముప్ఫై రెండు వేల జనాభా గల ఊరిపై వేలాది యాత్రికులు ఒక్కసారిగా దిగడం స్థానికులకు భారమయింది. అందువల్ల రోజుకు ఐదు పెద్ద నౌకలకు మించి రాకూడదన్న ఒప్పందం 2024నుంచి అమలవుతున్నది. తరువాతి మజిలీ స్కాగ్‌వే. 1897-98లో క్లాండైక్ బంగారం కోసం వేలాదిమంది ఈ రేవులో దిగి కనుమలు ఎక్కారు. వారికోసం 1898లో ప్రారంభమై 1900లో పూర్తయిన కొండరైలు నేడు యాత్రికులను మోస్తున్నది.

యాత్రలో అపురూపమైన దినం గ్లేసియర్ బే అనే హిమానీనదాల అఖాతంలో గడిచింది. రోజుకు రెండు పెద్ద విహారనౌకలను మాత్రమే అక్కడికి అనుమతిస్తారు. జాతీయ ఉద్యానవన అధికారులు ఉదయమే చిన్న పడవలో వచ్చి నౌకనెక్కి, ఆ ప్రదేశ చరిత్రను వివరించారు. 1794లో కెప్టెన్ వాంకోవర్ బృందం ఆ తీరానికి వచ్చినప్పుడు అఖాతం దాదాపు అంతా మంచుతో నిండి ఉన్నది. 1879లో జాన్ మ్యూర్ అనే ప్రకృతి ప్రేమికుడు వచ్చేనాటికి మంచు ఎంతో దూరం వెనుకకు తగ్గింది. అంతకుముందు, పద్దెనిమిదో శతాబ్ది మధ్యకాలంలో, ముందుకు పొంగివచ్చిన మంచు అక్కడ నివసించే హూనా ట్లింగిట్ జాతివారిని ఇళ్ళు వదలి పోయేటట్లు చేసింది.

నౌక మార్జరీ హిమానీనదం ఎదుట యంత్రాల వేగం తగ్గించి నిలిచింది. దాదాపు 34 కిలోమీటర్ల పొడవు, ఒకటిన్నర కిలోమీటర్ల వెడల్పు గల ఆ మంచునది నీలికాంతితో మెరుస్తున్నది. ఉన్నట్లుండి ఫిరంగి పేలినట్లు ధ్వని వినిపించింది. మేడంత మంచుగడ్డ విరిగి నీటిలో పడింది. ఎవరూ మాట్లాడలేదు. ఆ సమయంలో సిబ్బంది వేడివేడి పులుసు గిన్నెలు అందిస్తూ డెక్కుపై తిరుగుతున్నారు. గోవా యువకుడు మంచువైపు వీపు తిప్పి, పళ్ళెంలోని గిన్నెలు ఒలకకుండా చూసుకుంటున్నాడు. "మీరు ఒకసారి ఇటు చూడండి" అన్నాను. అతడు నవ్వి, "ఈ వేసవిలో ఇది ఆరోసారి సార్! చూడటానికి మాత్రం ఇంకా తీరిక దొరకలేదు" అన్నాడు.

ఆ మాట విన్న తరువాత నౌకను మరొక దృష్టితో చూడసాగాను. ఆ సాయంకాలం అతడు తన సంగతి చెప్పాడు. ఎనిమిది నెలల ఒప్పందం. ఆ ఎనిమిది నెలలలో వారాంతపు సెలవు లేదు. ఉదయం కొన్ని గంటలు, మధ్యాహ్నం కొన్ని గంటలు, మళ్ళీ రాత్రి పొద్దుపోయేవరకు పని. నీటిమట్టానికి దగ్గరగా ఉండే కిటికీ లేని గదిలో ఇద్దరి నివాసం. "మీకు ప్రతిరోజూ ఆదివారం సార్! మాకు ప్రతిరోజూ సోమవారం" అని హాస్యమాడాడు. కూతురు పుట్టిననాడు అతడు సముద్రంమీద ఉన్నాడు. ఐదు నెలల బిడ్డను తొలిసారి ఎత్తుకుంటే కొత్తవాడిని చూసి ఏడ్చిందట. అయినా ఆ జీతంతోనే చెల్లెలి పెళ్ళి జరిగింది, ఇల్లు లేచింది. అందుకే మళ్ళీ నౌక ఎక్కాడు. అతని మాటలలో గర్వమూ ఉంది, అలసటా ఉంది. జాలిని అతడు కోరలేదు.

నౌకా కార్మికులకు చట్టాల అండ లేకపోలేదు. 2006లో ఆమోదం పొంది 2013లో అమలులోకి వచ్చిన సముద్ర కార్మిక ఒడంబడికను భారతదేశం 2015లో ధ్రువీకరించింది. దాని ప్రకారం దేశాలు పని గంటలకు గరిష్ఠ పరిమితిని గాని, విశ్రాంతికి కనిష్ఠ పరిమితిని గాని విధించాలి. మొదటి పద్ధతిలో ఏడు రోజులకు 72 గంటలకు మించి పని ఉండరాదు. రెండవ పద్ధతిలో ఏడు రోజులకు 77 గంటల విశ్రాంతి ఇస్తే చాలును. వారానికి 168 గంటలు కదా! 77 తీసివేస్తే 91 గంటలు మిగులుతాయి. మన దేశంలో కర్మాగార కార్మికునికి వారానికి 48 గంటల పరిమితి ఉన్నదన్న సంగతి గుర్తుచేసుకుంటే ఆ రెండు జీవితాల అంతరం తెలుస్తుంది. పైగా అనేక నౌకలు యజమానుల దేశంలో గాక పనామా, బహామాస్ వంటి దేశాలలో నమోదై ఉంటాయి. నౌకపై చెల్లేది ప్రధానంగా ఆ జెండాకు చెందిన దేశపు చట్టమే.

ఈ శ్రమ ఎంతటిదో లోకానికి 2020లో తెలిసింది. ఆ ఫిబ్రవరిలో 'డైమండ్ ప్రిన్సెస్' నౌకను కరోనా కారణంగా జపాన్‌లోని యోకహామా రేవులో నిలిపివేశారు. అందులో 3,711 మంది ఉన్నారు. ప్రయాణికులను గదులకే పరిమితం చేశారు. కానీ వారికి మూడు పూటలా ఆహారం అందించవలసిన సిబ్బంది పనిచేస్తూనే ఉన్నారు, ఇరుకు గదులలో కలిసి నిద్రిస్తూనే ఉన్నారు. మొత్తం 712 మందికి వ్యాధి సోకింది. ఆ నౌకలోని 138 మంది భారతీయులలో 132 మంది సిబ్బందే. వారిలో చాలామందిని ఫిబ్రవరి 27న ప్రత్యేక విమానంలో ఢిల్లీకి తీసుకువచ్చారు. ఆ తరువాత ప్రపంచమంతటా వేలాది నౌకా కార్మికులు ఇళ్ళకు చేరలేక నెలల తరబడి సముద్రంపైనే ఉండిపోయారు.

మన ఉత్తరాంధ్ర తీరంనుంచి కూడా ఎందరో యువకులు నౌకలలో ఉద్యోగాలకు వెళ్తున్నారు. అటువంటి ఉపాధిని కోరేవారు భద్రతకు సంబంధించిన ప్రాథమిక శిక్షణ పొందాలి. నియామక సంస్థకు నౌకాయాన మహానిర్దేశక కార్యాలయం అనుమతి ఉన్నదో లేదో పరిశీలించాలి. ఉద్యోగం ఇప్పించినందుకు నావికునినుంచి రుసుము వసూలు చేయడం ఒడంబడిక ప్రకారం నిషిద్ధం. ఈ ఒక్క విషయం తెలియకనే పలువురు దళారుల చేతిలో మోసపోతున్నారు.

కెచికాన్ వద్ద ట్లింగిట్ మొదలైన ఆదిమజాతుల దారుస్తంభాలను చూసి, నౌక తిరుగుముఖం పట్టింది. చివరి రాత్రి ప్రయాణికుల ఖాతాలో రోజుకింత చొప్పున సేవారుసుము చేర్చిన పత్రం గదికి వచ్చింది. రుసుము చెల్లించడంతో మన బాధ్యత తీరినట్లు కాదు. పరిచారకుని పేరు తెలుసుకొని పిలవడం, చేసిన మేలుకు కృతజ్ఞత చెప్పడం, అభిప్రాయ పత్రంలో అతని పనిని ప్రస్తావించి రెండు మంచి మాటలు వ్రాయడం ఏ ఖర్చూ లేనివి. ఆ రెండు మాటలు అతని తరువాతి ఒప్పందానికి తోడ్పడతాయి. అతిథిని దేవునిగా భావించమన్నది మన సంప్రదాయం. ఆతిథ్యమిచ్చే మనిషిని మనిషిగా గౌరవించడం అతిథి ధర్మం.

కఠిన పదాలకు అర్థాలు

పరమార్థం : ముఖ్య ప్రయోజనం
అంతర్మార్గం : లోపలి దారి
అఖాతం : భూభాగంలోకి చొచ్చుకువచ్చిన సముద్రభాగం
హిమానీనదం : మెల్లగా కదిలే మంచునది
మజిలీ : ప్రయాణంలో ఆగే చోటు
ఒడంబడిక : ఒప్పందం
దారుస్తంభం : చెక్కతో చేసిన స్తంభం

అభ్యాసం

I. వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. విహారనౌకలోని ఆతిథ్యాన్నీ, దాని వెనుక ఉన్న శ్రమనూ పాఠం ఆధారంగా వివరించండి.
2. హిమానీనదాల అఖాతంలో రచయిత పొందిన అనుభవాన్ని వర్ణించండి.

II. సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. నౌక బయలుదేరే సమయంలో ఇచ్చే భద్రతా శిక్షణకు గల ప్రాముఖ్యం ఏమిటి?
2. 'డైమండ్ ప్రిన్సెస్' సిబ్బంది ఎదుర్కొన్న కష్టాలను తెలపండి.
3. నౌకలో ఉద్యోగం కోరేవారు తీసుకోవలసిన జాగ్రత్తలు ఏవి?

III. ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. 'అగస్టా విక్టోరియా' విహారయాత్ర ఏ సంవత్సరంలో జరిగింది?
2. అలాస్కా రాష్ట్ర రాజధాని ఏది?
3. సముద్ర కార్మిక ఒడంబడికను భారతదేశం ఎప్పుడు ధ్రువీకరించింది?

IV. సందర్భసహిత వ్యాఖ్యలు
1. "మీకు ప్రతిరోజూ ఆదివారం సార్! మాకు ప్రతిరోజూ సోమవారం."
2. "చూడటానికి మాత్రం ఇంకా తీరిక దొరకలేదు."

V. వ్యాకరణం
సంధులు : పరమార్థం = పరమ + అర్థం (సవర్ణదీర్ఘ సంధి); అత్యవసరం = అతి + అవసరం (యణాదేశ సంధి)
సమాసాలు : విహారనౌక = విహారం కొరకు నౌక (చతుర్థీ తత్పురుష); ఏడు రాత్రులు = ఏడు సంఖ్య గల రాత్రులు (ద్విగు సమాసం)