చక్కెర కర్మాగారములో వాక్యూమ్ పంపు: దాని పోషణ, పరీక్ష

బెల్లపు పెనము నెఱుగని చెరకు రైతు ఉండడు. గానుగనుండి వచ్చిన రసమును పెనములో పోసి, ఎండిన పిప్పితో మంటపెట్టి, మడ్డి తీసి, గంటలకొలది కాచినగాని పాకము ముదరదు. దింపు సమయమునకు దాని వేడిమి సుమారు 115 డిగ్రీల సెంటిగ్రేడునకు చేరును. ఆ వేడికి చక్కెరలో కొంత విరిగిపోవును, పాకము ఎఱ్ఱబడును. బెల్లమునకు ఆ రంగును, ఆ రుచియు శోభయే. కాని తెల్లని పలుకులుగల చక్కెర కావలెనన్నచో అంతటి వేడి పనికిరాదు. రసములోని నీరు పోవలెను. చక్కెర మాత్రము చెడరాదు.

ఈ చిక్కును తీర్చునది శూన్యము, అనగా గాలిని తొలగించిన చోటు. ఆ శూన్యమును నిలుపుటకు తోడ్పడు యంత్రమే వాక్యూమ్ పంపు. ఇది సరిగా పనిచేయనినాడు కర్మాగారపు వాకిట చెరకు బండ్లు బారులు తీరి నిలువవలసి వచ్చును. కావున దీని సంగతి యంత్రశాలలో పనిచేయు యువకులకే గాక, చెరకు తోలు రైతులకును తెలిసియుండుట మేలు.

గాలి బరువు – నీటి మరుగు

గాలికి బరువు కలదు. సముద్రమట్టమువద్ద చదరపు సెంటీమీటరు చోటుపై ఇంచుమించు 1 కిలోగ్రాము బరువుతో అది ఒత్తుచుండును. 1643లో ఇటలీ దేశస్థుడు టారిసెల్లి ఈ ఒత్తిడి గొట్టములో 760 మిల్లీమీటర్ల పాదరసమును నిలుపగలదని చూపెను. నీరైనచో 10 మీటర్లకు కొంచెము పైగా నిలుచును. నూతి గట్టుపై అమర్చిన పంపు అంతకు మించిన లోతునుండి నీటిని పీల్చలేకపోవుటకు కారణమిదియే. ఆ శతాబ్దములోనే జర్మనీలోని మాగ్డెబర్గు నగరమునకు చెందిన ఓట్టో ఫాన్ గెరికె గాలిని తోడు పంపును నిర్మించెను. రెండు లోహపు అర్ధగోళములను చేర్చి లోని గాలిని తీసివేయగా, గుఱ్ఱములను కట్టి లాగించినను అవి విడిపోలేదు.

నీటిపై గాలి ఒత్తిడి తగ్గినకొలది నీరు తక్కువ వేడికే మరుగును. 760 మిల్లీమీటర్ల ఒత్తిడిలో 100 డిగ్రీలవద్ద మరుగు నీరు, 150 మిల్లీమీటర్ల ఒత్తిడిలో 60 డిగ్రీలవద్దనే మరుగును. 100 మిల్లీమీటర్లకు దింపినచో సుమారు 52 డిగ్రీలు చాలును. ఈ సూత్రమును చక్కెర పరిశ్రమకు తెచ్చినవాడు ఎడ్వర్డ్ చార్లెస్ హోవార్డ్ అను ఆంగ్ల రసాయన శాస్త్రజ్ఞుడు. 1813లో అతడు మూతగల పాత్రలో, గాలి తీసివేసి పాకము వండు విధానమును కనిపెట్టెను. అదియే వాక్యూమ్ పాన్. అమెరికాలోని లూసియానాకు చెందిన నార్బర్ట్ రిలియూ 1843లో పేటెంటు పొందిన బహుపాత్రల ఆవిరి యంత్రము ఒక పాత్రనుండి వెలువడు ఆవిరితో తరువాతి పాత్రను కాచి, ఇంధనమును ఎంతయో ఆదాచేసెను.

మన ప్రాంతమున 1933లో సహకార పద్ధతిని వెలసిన ఏటికొప్పాక కర్మాగారమునందును, 1937లో బోధనులో నెలకొల్పబడిన నిజాం చక్కెర కర్మాగారమునందును, ఆ పిమ్మట వచ్చిన వానియందును పాకము వండుటకు ఆధారము ఈ సూత్రమే.

పాన్, కండెన్సరు, పంపు

నూరు కిలోల రసములో 15 కిలోల ఘనపదార్థమున్నదనుకొందము. దానిని నూటికి 60 పాళ్ల చిక్కదనమునకు తెచ్చుటకు 75 కిలోల నీటిని ఆవిరిగా పంపవలెను. ఈ పని ఆవిరి పాత్రలలో జరుగును. పిమ్మట పాన్‌లో పాకము మరింత చిక్కబడి పలుకులు కట్టును. చివరి ఆవిరి పాత్రయందును, పాన్‌యందును శూన్యము ఉండవలెను.

ఇందు ఒక అపోహ తొలగవలెను. పాకమునుండి లేచు ఆవిరినంతయు పంపు పీల్చివేయదు. అది దాని శక్తికి మించిన పని. 100 మిల్లీమీటర్ల ఒత్తిడిలో ఒక కిలో ఆవిరి సుమారు 11 ఘనమీటర్ల చోటును ఆక్రమించును. అదే ఆవిరికి చన్నీరు తగిలినచో లీటరు నీరుగా కుదించుకొనిపోవును. ఆ కుదింపు వలననే శూన్యములో అధికభాగము ఏర్పడును. ఈ పని జరుగు పాత్ర కండెన్సరు. దానిని నేలనుండి 10 మీటర్లకు పైగా ఎత్తున అమర్చి, అడుగు గొట్టమును నీటి తొట్టిలో ముంచుదురు. వెలుపలి గాలి నీటిని అంత ఎత్తునకు నెట్టలేదు గాన, కండెన్సరులోని నీరు దానంతట అదియే దిగిపోవును.

మిగులునది గాలి. అది చన్నీటికి కరగిపోదు. అతుకులనుండి దూరిన గాలి, నీటిలో కలసి వచ్చిన గాలి కండెన్సరులో చేరి ఆవిరికి అడ్డుపడును. ఈ గాలిని ఎప్పటికప్పుడు తోడివేయుటయే పంపు పని. అనగా ఆవిరిని తీయునది నీరు, గాలిని తీయునది పంపు. ఈ భేదమును మనసున నిలుపుకొన్నవానికి లోపము ఎచ్చటనున్నదో కనుగొనుట సులభము.

శూన్యము తగ్గినచో నష్టమెవరిది?

పాన్ గొట్టములకు ఇచ్చు ఆవిరి 105 డిగ్రీల వేడిమి గలదనియు, లోని పాకము 65 డిగ్రీలవద్ద ఉడుకుచున్నదనియు అనుకొందము. రెంటికి భేదము 40 డిగ్రీలు. గేజి 660 మిల్లీమీటర్లనుండి 600కు పడిపోయినచో పాకము మరుగు వేడిమి సుమారు 10 డిగ్రీలు పెరుగును. భేదము 30 డిగ్రీలకు తగ్గును. అనగా ఉడుకు వేగములో ఇంచుమించు నాలుగవవంతు పోయినట్లే. ఒకవైపు పాకము అధికమైన వేడికి రంగెక్కుచుండును, మఱొకవైపు పని వెనుకబడుచుండును. పాన్ ఖాళీ కానిదే పాకము ముందునకు సాగదు. పాకము సాగనిదే రోలర్లు నెమ్మదించవలెను. రోలర్లు నెమ్మదించినచో వాకిటి చెరకు ఎండవలెను. నరికిన చెరకు గంటగంటకును బరువు కోల్పోవును, లోని చక్కెరయు విరిగిపోవుచుండును.

చెరకు (నియంత్రణ) ఉత్తర్వు 1966లో వెలువడినది. దానికి 2009లో జరిగిన సవరణ ప్రకారము న్యాయమైన, లాభదాయకమైన ధరను చక్కెర రాబడి శాతముతో ముడిపెట్టిరి. కావున పాన్‌లో విరిగిన చక్కెర కర్మాగారమునకే గాక రైతునకును నష్టమే.

మొదట లోపమును గుర్తింపుడు

గేజి ముల్లు పడిపోగానే "పంపు చాలదు, పెద్ద పంపు కావలె" ననుట తఱచు వినబడు మాట. తొందరపడరాదు. కండెన్సరునుండి దిగు నీటి వేడిమిని థర్మామీటరుతో చూడవలెను.

ఆ నీరు ఆవిరి వేడిమికి దరిదాపుగా వేడెక్కి దిగుచున్నచో చన్నీరు చాలలేదని గాని, వచ్చు నీరే వేడిగా నున్నదని గాని గ్రహింపవలెను. పంపును మార్చి ప్రయోజనము లేదు. దిగు నీరు చల్లగానే యుండి శూన్యము మాత్రము తక్కువగా నున్నచో గాలి అడ్డుపడుచున్నదని తెలియవలెను. అప్పుడు పంపు పీల్పు వాల్వును కొద్ది క్షణములు మాత్రము మూసి, పంపు దరినున్న గేజిని చూడవలెను. ముల్లు చురుకుగా పైకి లేచినచో పంపు ఆరోగ్యముగా నున్నట్లే. గాలి మార్గమధ్యమున దూరుచున్నది. ముల్లు లేవనిచో లోపము పంపులోనిదే.

గాలి దూరు సందులు

3 మిల్లీమీటర్ల రంధ్రమును ఎవరును లెక్కచేయరు. కాని ఆ రంధ్రము గంటకు 4 మొదలు 5 ఘనమీటర్ల గాలిని లోనికి వదలును. 100 మిల్లీమీటర్ల ఒత్తిడిలో ఆ గాలి ఏడున్నర రెట్లు ఉబ్బును. పంపు 30 ఘనమీటర్లకు పైగా తోడవలసి వచ్చును. పెద్ద పంపు పెట్టినను రంధ్రము చిన్నది కాదు. చిల్లి కడవకు పెద్ద చేద వెదకుటకంటె చిల్లి పూడ్చుట మేలు గదా!

వాల్వుల గ్లాండులు, చూపుటద్దముల అంచులు, అడుగు తలుపు గాస్కెట్లు, గేజి గొట్టపు అతుకులు గాలి దూరు తావులు. పని లేనప్పుడు పాన్‌ను మూసి, శూన్యమును పట్టి, పంపు వాల్వును కట్టివేసి, గడియారము చేతబట్టి ముల్లు ఎంతసేపటికి ఎంత పడిపోవునో వ్రాసి ఉంచవలెను. వారమునకొకసారి ఈ పరీక్ష చేసినచో, పడుట వేగమగుచున్న పాన్ తన జబ్బును తానే చెప్పును. సందు ఎచ్చటనో తెలియుటకు అతుకులపై సబ్బు నురుగు పూయుడు. శూన్యములో నురుగు లోనికి లాగుకొనిపోవును. సీజనుకు ముందు పాత్రను నీటితో నింపి, చెమర్చు తావులను గుర్తించుట ఇంకను మేలు.

చన్నీరు

కండెన్సరునుండి వేడెక్కి వచ్చు నీటిని కొలనులో చిమ్మి చల్లార్చి మరల వాడుదురు. చిమ్ము మొనలలో పిప్పి నలుసులు, నాచు చేరి మూసుకొనిపోయినచో నీరు చల్లబడదు. మార్చి ఎండలు వచ్చునప్పటికి ఈ అశ్రద్ధ ఫలితము గేజిపై కనబడును. మొనలను వరుసగా విప్పి కడుగుట చిన్న పని. దాని ఫలము పెద్దది.

నేడు విరివిగా వాడు నీటివలయపు పంపునకును చన్నీరే ప్రాణము. గుండ్రని డొల్లలో రెక్కల చక్రమును నడిమికి కాక ఒక ప్రక్కకు అమర్చుదురు. చక్రము తిరుగగా నీరు గోడను అంటి వలయముగా నిలుచును. రెక్కల నడుమ సందులు ఒకవైపు విరిసి గాలిని పీల్చును, మఱొకవైపు కుదించుకొని దానిని వెలికి నెట్టును. నీరే పిస్టనువలె పనిచేయును. 30 డిగ్రీల నీటికి 32 మిల్లీమీటర్ల ఆవిరి ఒత్తిడి కలదు. 40 డిగ్రీలైనచో 55. 45 డిగ్రీలైనచో 72. పంపులోని నీరు వేడెక్కినకొలది దాని ఆవిరియే రెక్కల నడుమ చోటును నింపి గాలికి తావు లేకుండ చేయును. కావున కండెన్సరునుండి దిగిన వేడి నీటిని ఈ పంపునకు త్రిప్పరాదు. శుభ్రమైన చన్నీటిని వేరుగా ఇవ్వవలెను.

పంపు పోషణ

నీరు లేక పంపును త్రిప్పరాదు; డొల్ల నిండ నీటితోను ఆరంభింపరాదు. ఇరుసు మట్టమువరకు నీరుండుట తగినది. అధికమైనచో మోటారుపై బరువు పడును. పంపులో గులకరాళ్లు దొర్లినట్లు చప్పుడైనచో లోని నీరు మరుగుచు బుడగలు పగులుచున్నవని తెలియవలెను. అశ్రద్ధ చేసినచో రెక్కలు గుంటలుపడి తినుకొనిపోవును. నీటిని చల్లబరచుటయో, కొంచెము గాలిని లోనికి వదలుటయో వెంటనే చేయవలెను. ఉప్పునీరు వాడుచోట సున్నపు పొర కట్టి సందులు ఇరుకగును. సీజను ముగియగానే విప్పి గీకవలెను. గ్లాండును ఊపిరాడకుండ బిగింపరాదు. బొట్టుబొట్టుగా నీరు కారుచుండుట మంచిది.

పాన్‌లో శూన్యమును ఒక్కసారిగా పెంచరాదు. పాకము పొంగి నురుగుతో కండెన్సరులోనికి ఎగిరిపోవును. ఆ చక్కెర నీటిపాలే. దిగు నీటిని ఆల్ఫానాఫ్తాల్ పరీక్షచే చూచినచో ఊదారంగు వలయము ఈ దొంగతనమును పట్టి ఇచ్చును. అట్లే, 20 సెంటీమీటర్ల చూపుటద్దముపై గాలి సుమారు 280 కిలోల బరువుతో ఒత్తుచుండునని మరువరాదు. బీటవారిన అద్దముతో పని సాగింపరాదు.

గేజియు, పుస్తకమును

గేజి చూపునది వెలుపలి గాలికంటె లోపల ఎంత తక్కువయో మాత్రమే. ఎత్తైన చోట వెలుపలి గాలియే పలుచన. ప్రతి 100 మీటర్లకు సుమారు 9 మిల్లీమీటర్లు తగ్గును. సముద్రతీర మండలములో 660 చూపు శూన్యమును, 600 మీటర్ల ఎత్తునగల జహీరాబాదు ప్రాంతములో గేజి సుమారు 610గానే చూపును. పాకమునకు రెండును ఒకటియే. కావున ఊరూరి గేజిని పోల్చి పనివానిని నిందింపరాదు. పాకపు వేడిమిని కూడ చూడవలెను.

గంటగంటకు గేజి, పాకపు వేడిమి, వచ్చు నీటి వేడిమి, దిగు నీటి వేడిమి అను నాలుగు అంకెలను పుస్తకములో వ్రాయుట అన్నిటికంటె చౌకయైన మరమ్మతు. నిన్నటి అంకె లేనిదే నేటి లోపము తెలియదు. పాలు చిక్కబరచుచోటను, పెంకుల మట్టినుండి గాలి తీయుచోటను శూన్యమును నిలుపువారికి ఈ అలవాటు అక్కఱకు వచ్చును.

యువకులారా! పంపును మార్చుటకు ముందు సందులు మూయుడు, నీటిని చల్లబరచుడు, అంకెలు వ్రాయుడు. రైతు ఏడాది పొడవునా పెంచిన తీపి ఆ గేజి ముల్లుపై ఆధారపడియున్నది. దానిని నిలబెట్టుట మీ చేతిలోని పని.